తోక లేదు, బొచ్చుకు కొదవ లేదు: కిమ్రిక్ పిల్లి కథ

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పిల్లిని పెంచడం ఈమధ్య వచ్చిన ముచ్చట. అంతకుముందు పిల్లి ఉండేది, అంతే. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, టీకా వేయించలేదు. కిరాణా కొట్లో బియ్యం బస్తాల మీద పడుకునేది, రాత్రి ఎలుకల పని చూసేది, పగలు పాలగిన్నె మీద మూత లేకపోతే దాని పనీ చూసేది. దుబాయ్, కువైట్ పోయి వచ్చినవాళ్లు అక్కడి ఇళ్లలో బొచ్చుపిల్లులను చూసి వచ్చారు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి పర్షియన్ పిల్లులు రావడం మొదలైంది. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి కొత్త ప్రశ్న అడుగుతున్నారు: “సార్, గీ పిల్లికి తోకనే లేదు, కోసిన్రా ఏంది?”

కోయలేదు. పుట్టుకే అంత. ఆ పిల్లి పేరు కిమ్రిక్. దాని గురించి వచ్చే ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చూద్దాం.

అసలు ఇదేం జాతి?

ఇంగ్లండ్‌కూ ఐర్లాండ్‌కూ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం 572 చదరపు కిలోమీటర్లు. మన కామారెడ్డి జిల్లాలో ఆరో వంతు కూడా రాదు. తోకలేని పిల్లులకు ఆ దీవి వందల ఏళ్లుగా ప్రసిద్ధి. పొట్టి వెంట్రుకలుంటే వాటిని మాంక్స్ అంటారు. అదే పిల్లికి పొడుగు వెంట్రుకలుంటే కిమ్రిక్. ఎముకలు, ఒళ్లు, గుణం, జబ్బులు అన్నీ ఒకటే, తేడా బొచ్చులోనే.

చూడ్డానికి అంతా గుండ్రమే. గుండ్రటి తల, గుండ్రటి కళ్లు, పొట్టి వీపు, వెడల్పాటి ఛాతీ. వెనక కాళ్లు ముందు కాళ్ల కన్నా పొడుగు కాబట్టి పిర్రలు భుజాల కన్నా ఎత్తుగా కనిపిస్తాయి. బొచ్చు రెండు పొరలు. మెడ చుట్టూ, పొట్ట కింద, తొడల వెనక ఒత్తుగా, పొడుగ్గా ఉంటుంది. చెవుల్లో, కాలివేళ్ల మధ్య కూడా కుచ్చులుంటాయి. బరువు మాత్రం మామూలు పిల్లి అంతే, మూడున్నర నుంచి అయిదున్నర కిలోలు. ఎదుగుదల నిదానం. పూర్తి ఒడ్డూ పొడుగూ రావడానికి కొన్నిటికి అయిదేళ్లు పడుతుంది.

మా గల్లీ పిల్లికీ తోక లేదు. అది కిమ్రికేనా?

ఎక్కువసార్లు ఈ ప్రశ్నే వస్తుంది. ఎక్కువసార్లు జవాబు, కాదు. మన వీధుల్లో తోక పోయిన పిల్లులకు కారణం బండి చక్రం, గాలికి దడేలున మూసుకున్న తలుపు, కుక్క నోరు, వాన రాత్రి వెచ్చదనానికి ఇంజన్ దగ్గర పడుకున్నప్పుడు తిరిగిన బెల్టు. దెబ్బతో పోయిన తోకకు కొస మొద్దుగా, మచ్చతో ఉంటుంది, అక్కడ వెంట్రుకలు సరిగా మొలవవు. ఆ పిల్లికి పుట్టే కూనలకు తోకలు మామూలుగానే ఉంటాయి. దెబ్బ ఒంటికి తగిలింది, వంశానికి కాదు.

ఇంకో పొరపాటు పొలాల్లో జరుగుతుంది. నిజాంసాగర్ కాల్వల కింద చెరుకు తోటల్లో, పోచారం అడవి అంచుల్లో, చెరువుల పక్క తుంగల్లో పొడుగు కాళ్ల, పొట్టి తోక పిల్లి కనిపిస్తే అది విదేశీ జాతి కాదు. అది అడవి పిల్లి. ఇసుక రంగు ఒళ్లు, చెవుల కొసల మీద నల్లటి చిన్న కుచ్చు, కాళ్ల ఎత్తుకు తగినంత పొడుగు లేని తోక, దాని చివర నల్లటి పట్టీలు. చెరుకు కోసేటప్పుడు దీని కూనలు దొరకడం, పాపం తల్లి లేదనుకుని ఇంటికి తెచ్చుకోవడం జరుగుతుంటుంది. తల్లి అక్కడెక్కడో పక్క మడిలోనే ఉండి చూస్తుంటుంది. మనుషులు దూరం జరిగితే రాత్రికి వచ్చి ఒక్కో కూననూ నోట కరుచుకుని తీసుకెళుతుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. ఉన్నచోటే వదిలేసి అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి.

సరే, పుట్టుకతో తోక ఎందుకు రాదు?

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. మామూలు పిల్లి తోకలో సుమారు 20 పైచిలుకు చిన్న ఎముకలుంటాయి. వెన్నెముకకే అవి కొనసాగింపు. తల్లి కడుపులో పిండం ఇంకా గింజంత ఉన్నప్పుడే వీపు పొడవునా నోటోకార్డ్ అనే సన్నటి తీగ ఏర్పడుతుంది. గోడ కట్టే ముందు మేస్త్రీ కట్టుకునే దారం లాంటిది ఇది, ఇటుకలన్నీ దాని వెంటే లేస్తాయి. ఆ తీగ చివరిదాకా సాగడానికి ఒక జన్యువు తయారుచేసే ప్రోటీన్ కావాలి. ఆ జన్యువు పేరు బ్రాకియూరీ, పొట్టిగా టి జన్యువు అంటారు. 1927లో పారిస్‌లో నదేజ్దా దొబ్రోవోల్‌స్కయా జవద్‌స్కయా అనే శాస్త్రవేత్త పొట్టి తోక ఎలుకల్లో దీని జాడ మొదట పట్టుకుంది. పిల్లుల్లో లోపం సరిగ్గా ఎక్కడుందో తేలడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో పిల్లుల జన్యువుల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న లెస్లీ లయన్స్ కూడా ఉన్న ఒక బృందం మాంక్స్ పిల్లుల్లో ఈ టి జన్యువులో ఒకటి కాదు, నాలుగు రకాల మార్పులను గుర్తించింది. నాలుగూ వేరువేరు మార్పులే, ఫలితం మాత్రం ఒకటే: ప్రోటీన్ పనికిరాకుండా పోతుంది.

ప్రతి పిల్లికీ ఈ జన్యువు రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడి ఒకటి మంచిగా ఉంటే ప్రోటీన్ సగమే తయారవుతుంది. మెడకూ వీపుకూ ఆ సగం సరిపోతుంది. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా ఆలస్యంగా తయారయ్యే తోకకు సరిపోదు. అందుకే తోక దగ్గర పని ఆగిపోతుంది. ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి ఒకే ఈతలో నాలుగు రకాల కూనలు పుడతాయి. అసలేమీ లేనిది రంపీ. లోపల ఒకటి రెండు ఎముకలు చేతికి తగిలేది రంపీ రైజర్. బొండు తోకది స్టంపీ. దాదాపు పూర్తి తోక ఉన్నది లాంగీ. పోటీల్లో న్యాయనిర్ణేత వీపు మీద అరచేయి పెట్టి వెనక్కి నిమురుతాడు, ఏమీ అడ్డు తగలకపోతేనే మార్కులు. మంచి రంపీకి తోక ఉండాల్సిన చోట చిన్న గుంట చేతికి తెలుస్తుంది.

మరి రెండు ప్రతులూ చెడితే? ఆ కూన పుట్టదు. కడుపులో తొలి వారాల్లోనే పోతుంది. తోకలేని ఆడదాన్నీ తోకలేని మగదాన్నీ జతకడితే లెక్క ప్రకారం నాలుగు పిండాల్లో ఒకటి ఇలా పోవాల్సిందే. మిగిలిన మూడింటిలో రెండు తోకలేనివి, ఒకటి తోక ఉన్నది. అందుకే ఈ జాతిలో ఎన్ని తరాలు పెంచినా తోక ఉన్న కూనలు పుడుతూనే ఉంటాయి. బతికి ఉన్న ప్రతి కిమ్రిక్‌లోనూ ఒక మంచి ప్రతి ఉండి తీరాలి మరి. ఈతకు కూనలు తక్కువ ఉండటానికీ ఇదే కారణం. తెలిసిన పెంపకందారులు అందుకే తోకలేని దాన్ని తోక ఉన్న దానితో జతకడతారు.

ఇంకో సంగతి చెబితే చాలామంది నమ్మరు. మనిషికి తోక లేకపోవడం వెనకా ఇదే జన్యువు ఉంది. సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట మనకూ తోకలేని కోతులకూ (ఏప్‌లకు) ఉమ్మడి పూర్వీకుల్లో ఈ జన్యువు మధ్యలో చిన్న డీఎన్ఏ ముక్క వచ్చి చేరిందని, తోక పోవడానికి అదే కారణమని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అదే మార్పు చేసిన ఎలుకల్లో కొన్నిటికి తోక పోవడంతో పాటు వెన్నుపాము లోపాలు కూడా వచ్చాయి. తోక పోవడం ఊరికే జరగదని, వెన్ను మీద ఎంతో కొంత భారం పడుతుందని దాన్నిబట్టి తెలుస్తుంది. కిమ్రిక్ విషయంలో అసలు చిక్కు కూడా ఇదే. దానికి మళ్లీ వద్దాం.

ఆ దీవిలోనే ఎందుకు ఎక్కువయ్యాయి?

ఈ ప్రశ్నకు అక్కడి కథలు చాలా ఉన్నాయి. నోవహు ఓడ తలుపు మూస్తుంటే ఆలస్యంగా ఉరికిన పిల్లి తోక తెగిందని ఒకటి. పిల్లికీ కుందేలుకూ పుట్టిన సంకరమని ఇంకొకటి. పొడుగు వెనక కాళ్లు, గెంతే నడక చూసి పుట్టిన మాట ఇది. పిల్లికీ కుందేలుకూ సంకరం కుదరదు. 1588లో మునిగిన స్పెయిన్ ఓడల నుంచి ఈదుకుంటూ ఒడ్డు చేరాయని మూడోది. వినడానికి బాగుంటాయి, ఆధారం ఏదీ లేదు.

అసలు జవాబు సాదాసీదాగా ఉంటుంది. ఓడల్లో వచ్చిన కొన్ని పిల్లులే దీవి మొత్తానికి మూలం. వాటిలో ఒకదానికి ఈ మార్పు ఉంది, లేదా వచ్చింది. చుట్టూ నీళ్లు, బయటి సంబంధాలు తక్కువ. కొద్ది కుటుంబాల మధ్యే సంతానం తిరుగుతుంటే ఏ చిన్న మార్పైనా కొన్ని తరాల్లో ఊరంతా పాకుతుంది.

మనకు ఇది కొత్త కాదు. మేనరికాలు, కులంలోనే పెళ్లిళ్లు ఉన్న సమాజం మనది. తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైమ్ చాలా తక్కువగా ఉంటుంది. ఆ మందు ఇస్తే ఊపిరి తిరిగి అందుకోవడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతుంది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై లోపల్లోపలే పెళ్లిళ్లు సాగడం వల్ల ఇది నిలిచిపోయింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనం ఇలాంటి సమూహాలు దక్షిణాసియాలో చాలా ఉన్నాయని చూపించింది. దీవికి సముద్రం చేసిన పనే మన దగ్గర కట్టుబాటు చేసింది.

తోక తక్కువ పిల్లులు ఐల్ ఆఫ్ మ్యాన్‌లోనే ఉన్నాయనుకుంటే కూడా పొరపాటే. మలయా, సయాం, బర్మాలలో పిల్లుల తోకలు సగం పొడవే ఉంటాయని, చాలావాటికి చివర ముడి ఉంటుందని డార్విన్ 1868 నాటి పుస్తకంలో రాశాడు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ పోయిన మన తెలుగు కూలీలు వాటిని రోజూ చూసే ఉంటారు. జపాన్ బాబ్‌టెయిల్‌ది కూడా కుందేలు కుచ్చు లాంటి పొట్టి తోకే. దానికి కారణం టి జన్యువు కాదు, హెచ్ఈఎస్7 అనే మరో జన్యువని 2016లో తేలింది. జపాన్ పిల్లికి రెండు ప్రతులూ మారినా ప్రాణానికి ముప్పు లేదు, కిమ్రిక్‌కు ఉంది. పైకి రెండూ తోక పొట్టివే, లోపల రెండూ వేరు.

పొడుగు బొచ్చు ఎక్కడి నుంచి వచ్చింది?

తోకలేమి ఒక్క ప్రతి మారితే చాలు బయటపడుతుంది. పొడుగు బొచ్చు అలా కాదు. ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు వెంట్రుక పెరుగుదలకు ఎప్పుడు ఆగాలో చెబుతుంది. అది రెండు ప్రతుల్లోనూ పనిచేయకపోతేనే వెంట్రుక పొడుగవుతుంది. పొట్టి వెంట్రుకల తల్లీ తండ్రీ ఇద్దరూ లోపల ఒక్కో ప్రతి దాచుకుని ఉంటే, నాలుగో వంతు కూనలు బొచ్చుతో పుట్టవచ్చు. మాంక్స్ ఈతల్లో ఇలాంటి కూనలు ఎప్పటి నుంచో పుడుతున్నాయి. పోటీకి పనికిరావని పక్కన పెట్టేవారు. 1960లలో కెనడాలో కొందరు వాటినే ముద్దుగా పెంచి ప్రత్యేక జాతిగా నిలబెట్టారు. వేల్స్ ప్రాంతపు పేరు మీద కిమ్రిక్ అని పిలిచారు, కానీ ఈ పిల్లికి వేల్స్‌తో వేరే సంబంధం లేదు. కెనడా క్యాట్ అసోసియేషన్ 1976లో మొదట గుర్తించింది. అమెరికాలోని సీఎఫ్ఏ అనే పిల్లుల సంస్థ 1994 నుంచి దీన్ని వేరే జాతిగా చూడటం మానేసి పొడుగు వెంట్రుకల మాంక్స్ అనే లెక్కేస్తోంది. టీఐసీఏ అనే మరో సంస్థ మాత్రం కిమ్రిక్ అనే పేరునే ఉంచింది. ఎవరి పుస్తకం వారిది, పిల్లి ఒకటే.

తోక లేకుండా గోడ మీద నడిచేదెలా?

పిల్లికి తోక బ్యాలెన్స్ కోసమని మనం బడిలోనే విన్నాం. అది సగం నిజం. పిట్టగోడ అంచు మీద నడిచేటప్పుడు తోక ఉపయోగపడుతుంది. కానీ పై నుంచి పడేటప్పుడు గాలిలో తిరిగి కాళ్ల మీద వాలడానికి తోక అక్కర్లేదు. ఏది పైనో ఏది కిందో చెవి లోపలి భాగం చెబుతుంది. ముందు తల, తర్వాత ముందు కాళ్లు, ఆ వెంటే నడుము తిరుగుతాయి. మాంక్స్, కిమ్రిక్‌లు కూడా అలాగే తిరిగి వాలతాయి. పైగా ఆ పొడుగు, బలమైన వెనక కాళ్ల వల్ల ఇవి దూకడంలో దిట్టలు. నేల మీద నుంచి అలమారు మీదికి ఒకే దూకు.

తోక లేకపోవడం ఇబ్బంది పెట్టేది మాటల దగ్గర. తోక నిలువుగా ఎత్తితే స్నేహం, ఉబ్బితే భయం, అటూ ఇటూ కొడితే చిరాకు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దానికి కిమ్రిక్ మనసు చదవడం కష్టమే. మీరు దాని చెవులు, మీసాలు, వీపు మీది వెంట్రుకలు చూసి తెలుసుకోవాలి.

గుణం ఎలా ఉంటుంది?

నెమ్మది. ఇంట్లో మనుషుల వెంట తిరుగుతుంది, ఒక గది నుంచి ఇంకో గదికి పోతే తనూ లేచి వస్తుంది. గొంతులో కురుకురుమంటూ మాట్లాడుతుంది. చిన్న బంతి విసిరితే తెచ్చి ఇచ్చేవి ఉన్నాయి. ఇంటి ముందు కొత్త అలికిడి అయితే గుర్రుమనేవీ ఉన్నాయి. అందుకే పెంచినవాళ్లు దీన్ని కుక్క గుణం పిల్లి అంటారు. దీవి రైతుల దొడ్లలో, ఓడల్లో ఎలుకలు పట్టిన వంశం కాబట్టి వేట మరవలేదు. పిల్లలతో బాగా కలుస్తుంది, అయితే నడుము చివర గట్టిగా నొక్కితే కొన్నిటికి నొప్పి. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి పిర్రల కింద పెట్టాలని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఒక హెచ్చరిక. జాతి గుణం అనేది సగటు మాట. రెండు నెలల నుంచి మనుషుల చేతుల్లో పెరిగిన మన గల్లీ పిల్లి కూడా ఇలాగే వెంట తిరుగుతుంది. పంజరంలో పెరిగిన కిమ్రిక్ గోడ మూలకు పోతుంది.

మాంక్స్ సిండ్రోమ్ అంటే?

ఇది చెప్పకుండా ఈ పిల్లి గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది. వెన్ను చివర తయారీ ఆగిన చోట కొన్ని కూనల్లో ఎముకతో పాటు నరాలూ పూర్తిగా ఏర్పడవు. త్రికాస్థి చిన్నదైపోతుంది, వెన్నుపాము చివర తెరిచి ఉండిపోతుంది. మూత్రాశయానికీ మలద్వారానికీ వెనక కాళ్లకూ పోయే నరాలు అవే. అలాంటి కూన మూత్రం ఆపుకోలేదు, లేదా పోయలేదు. మలబద్ధకంతో పెద్దపేగు ఉబ్బిపోవచ్చు. పూర్తిగా తోకలేని రంపీల్లో ఈ ముప్పు ఎక్కువ. లక్షణాలు చాలావరకు నాలుగు నుంచి ఆరు నెలల లోపే బయటపడతాయి. అందుకే బాధ్యత తెలిసిన పెంపకందారు నాలుగు నెలలు నిండకుండా కూనను అమ్మడు.

కూనను చూడ్డానికి పోయినప్పుడు ముద్దాడటం తర్వాత. ముందు నేల మీద వదలండి. షాబాద్ బండల నేల అయితే మరీ మంచిది, తడి వెంటనే కనిపిస్తుంది. కూన కాసేపు కూర్చుని లేచిన చోట తడి మచ్చ ఉందా? నడుస్తుంటే చిన్న పెంటిక దానికి తెలియకుండా జారిపోయిందా? ఉరుకుతున్నప్పుడు గెంతడం సహజం, మెల్లగా నడిచేటప్పుడు కూడా రెండు వెనక కాళ్లూ కలిపి గెంతుతోందా? తొడల వెనక బొచ్చు పసుపురంగుకు తిరిగి, వాసన వస్తోందా? తోక మొదట్లో నొక్కితే అరుస్తోందా? వీటిలో ఒక్కటి అవునన్నా వైద్యుడికి చూపించకుండా డబ్బు ఇవ్వొద్దు. బొండు తోక ఉన్న స్టంపీలకు పెద్దయ్యాక ఆ ఎముకల్లో కీళ్లవాతం రావడం కూడా ఉంది.

మన ఎండలకు ఆగుతుందా?

ఐల్ ఆఫ్ మ్యాన్‌లో వేసవి అంటే 20 డిగ్రీల దగ్గర. మన కామారెడ్డిలో మే నెల మధ్యాహ్నం 42, 43. తేడా మీరే చూడండి. పిల్లికి మనలా ఒంటి నిండా చెమట పట్టదు, పాదాల్లో కొంచెం పడుతుంది, అంతే. రెండు పొరల బొచ్చుతో ఉన్న పిల్లి మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర మీ కనికరం మీద బతకాలి. పగలు ఇంట్లోనే, నీడలో, ఫ్యాన్ లేదా కూలర్ ఉన్న గదిలో. రేకుల షెడ్డు అసలు పనికిరాదు. మట్టి చిప్పల్లో నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టాలి. బండల నేల మీద పొట్ట పరిచి పడుకుంటే పడుకోనివ్వండి, చాప వేయొద్దు.

నోరు తెరిచి రొప్పుతుంటే, చొంగ కారుతుంటే, చిగుళ్లు ఎర్రబడితే వడదెబ్బే. పిల్లి మామూలు వేడి 38 నుంచి 39 డిగ్రీల దాకా ఉంటుంది, 40 దాటితే ప్రమాదం. ఐసు నీళ్లు పోయొద్దు. నల్లా నీళ్లతో ఒళ్లు, పాదాలు తడిపి ఫ్యాన్ కింద పెట్టి వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. ఎండాకాలం గుండు గీయిస్తే హాయి అనుకుంటారు. వద్దు. చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. దువ్వడమే మందు.

వారానికి రెండు మూడు సార్లు వెడల్పు పళ్ల దువ్వెనతో, ఎండాకాలం ముందు వెంట్రుక రాలే రోజుల్లో రోజూ దువ్వాలి. వీపు అందరూ దువ్వుతారు. చిక్కులు పడేది చంకల్లో, పొట్ట కింద, తొడల వెనక. తోకలేని పిల్లికి వెనక భాగం రోజూ ఒకసారి ఎత్తి చూడాలి. బొచ్చులో మలం అంటుకుని ఎండిపోతే లోపల పుండు పడుతుంది, ఈగలు వాలితే పురుగులు పడతాయి. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, అక్కడి వెంట్రుకలు మాత్రం కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవచ్చు.

పెరుగన్నం పెట్టొచ్చా?

మన పిల్లులన్నీ పెరుగన్నం మీదే బతికాయంటారు. బతికాయి, ఎందుకంటే మిగతా తిండి ఎలుకల రూపంలో అవే సంపాదించుకున్నాయి. ఇంట్లో కట్టడి చేసిన పిల్లికి అది కుదరదు. పిల్లికి మాంసం తప్పనిసరి. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్లు తగినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె కండరం పలచబడుతుంది. టారిన్ లోపంతో గుండె జబ్బు వస్తుందని 1987లో తేలాకే కంపెనీ దాణాల్లో దాన్ని పెంచారు. ఇంట్లో మాంసం వండని వాళ్లు మంచి కంపెనీ పిల్లి దాణా కొనాలి, కుక్క దాణా కాదు. అదీ కుదరదనుకుంటే పిల్లిని పెంచొద్దు. పాలు చాలా పిల్లులకు విరేచనాలు తెస్తాయి. మలబద్ధకం ముప్పున్న కిమ్రిక్‌కు నీళ్లు ఎక్కువ పోవాలి కాబట్టి ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఆ నీళ్లతో సహా పెట్టడం మంచిది. ఉడికించిన ఎముకలు, ఉల్లి, వెల్లుల్లి వద్దు.

జ్వరమొచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయడం మన దగ్గర మామూలు. పిల్లికి అది విషం, ఒక్క గోళీ చాలు ప్రాణం తీయడానికి. గోమార్ల కోసం కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందులు కూడా అంతే.

టీకాలు ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టాలి, మూడు నెలలకు రేబిస్ టీకా. మన పశువుల దవాఖానల్లో డాక్టర్లకు బర్రెలతో, గొర్రెలతో, మేకలతోనే పొద్దు గడిచిపోతుంది. పిల్లి టీకా అన్నిచోట్లా నిల్వ ఉండదు, ముందే అడిగి తెప్పించుకోవాలి. వెన్ను ఎక్స్‌రే, స్కానింగ్ దాకా పోతే హైదరాబాద్ ప్రయాణం తప్పదు, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రి ఉంది. పిల్లి గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి సర్కారు దవాఖానకు పోవడం మాత్రం మరవొద్దు.

కొనొచ్చా మరి?

తోకలేని కూనను కిమ్రిక్ అని అమ్మజూపితే మొదటి ప్రశ్న కాగితాలు. తల్లిదండ్రులను నమోదు చేసిన సంస్థ ఏది? టి జన్యువు పరీక్ష చేయించారా? బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా చాలు దానికి. బొచ్చు పర్షియన్ కూన తోక కత్తిరించి అమ్మితే వైద్యుడి ఎక్స్‌రేలో తెలిసిపోతుంది, అది 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. గల్ఫ్ నుంచో మరో దేశం నుంచో తెచ్చుకోవాలనుకుంటే, రెండేళ్లు అక్కడ ఉండి పూర్తిగా తిరిగొచ్చేవాళ్లకే సామానుతో పాటు రెండు పెంపుడు జంతువులను తెచ్చుకునే వీలుంది. బయలుదేరే ముందే హైదరాబాద్‌లోని కేంద్ర యానిమల్ క్వారంటైన్ కార్యాలయం నుంచి అనుమతి తీసుకోవాలి.

నన్నడిగితే, కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఉండేవాళ్లకు ఈ పిల్లి వద్దంటాను. ఎండ ఒక కారణం, దగ్గర్లో పిల్లుల వైద్యం తక్కువ కావడం రెండోది. మూడోది ఇంకా పెద్దది: మనం ముచ్చటపడి అడిగినకొద్దీ తోకలేని దాన్ని తోకలేని దానితో జతకట్టేవాళ్లు పుట్టుకొస్తారు, కడుపులో పోయే కూనలు, నడవలేని కూనలు మన కంటికి కనిపించవు. ఇప్పటికే మీ ఇంట్లో ఒకటి ఉంటే దాన్ని చల్లగా ఉంచండి, రోజూ వెనక శుభ్రం చూడండి, ఆరు నెలలకు ఆపరేషన్ చేయించి సంతానం ఆపండి. లేనివాళ్లు మీ వాడకట్టులో ఈనిన పిల్లిని చూడండి. దాని కూనల్లో ఒకదాన్ని ఎనిమిది వారాలు నిండాక తెచ్చుకుని టీకాలు వేయించండి. వెంట్రుక పొట్టి, తోక పొడుగు, మన ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు, పైగా కొనడానికి పైసా ఖర్చు లేదు.